ఏ పేజీ, బిడ్డా?

టీచర్ పోయారన్న కబురు నాకు కోఠి బస్టాపులో అందింది. కాలేజీకి వెళ్లే బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోనులో ఆమె తమ్ముడు. మామూలుగా గడగడా మాట్లాడే మనిషి, ఆ పొద్దున ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు.

“అమ్మా, అక్క ప్రభువు దగ్గరికి పోయింది. నిద్రల్నే. చాయ్ పెట్టుకొని పోయి లేపిన, లేవలే.”

నేనేమన్నానో గుర్తు లేదు. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. కాసేపటికి ఆయనే మళ్లీ అడిగారు. “పియానో మూత తీసే ఉందమ్మా. పుస్తకం గూడ గట్లనే ఉంది. ముయ్యాల్నా?”

“వద్దు అంకుల్. నేను వస్తున్నా” అన్నాను.

చావు కబురు వెంట అలాంటి ప్రశ్న వస్తే ఇంకెవరికైనా వింతగా తోచేదేమో. నాకు తోచలేదు. ఆ ఇంట్లో అన్నింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే.

మర్నాడు ఇంగ్లిషు పేపరు లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. అంతర్జాతీయ పియానో విద్వాంసురాలు అన్నారు. లండన్, వియన్నా, టోక్యో అంటూ ఊళ్ల పేర్లు వరసగా ఇచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ అది చదివితే ఆమె జీవితమంతా ఏదో ఒక ఊళ్లో, దీపాల కింద, చప్పట్ల మధ్య గడిచినట్టు ఉంటుంది. నేనెరిగిన టీచర్ మాత్రం ఎక్కువకాలం నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కింది వాటాలో, కొంగు నడుముకు చుట్టుకుని, ఒకే పేజీని వందసార్లు వాయిస్తూ గడిపారు. ఆ మనిషి గురించి మీకు చెప్పాలని ఉంది. సరిగా చెప్పగలనో లేదో తెలియదు. ఏదైనా సరిగా చెప్పగలనన్న నమ్మకం నాకు పుట్టుకతోనే లేదు. ఆమె నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నది కూడా అందుకేనట.

ఆమె మెదక్ వైపు ఒక మిషన్ కాంపౌండులో పుట్టారు. తండ్రి మిషన్ దవాఖానలో కంపౌండరు. చర్చిలో కాళ్లతో తొక్కే ఆర్గన్ ఒకటి ఉండేది. తన కాళ్లు అందని వయసులో తమ్ముణ్ణి కింద కూర్చోబెట్టి చేతులతో నొక్కిస్తూ, పైన తను కీర్తనలు వాయించేవారట. “నా తొలి కచేరీలు సగం వానివే. ఇప్పటికీ భుజాలు నొస్తున్నయంటడు” అని నవ్వేవారు. ఆ ఆర్గన్ విన్న మిషన్ దొరసాని ఒకామె పియానో నేర్చుకొమ్మని సికింద్రాబాద్ పంపింది. అక్కడి నుంచి స్కాలర్‌షిప్ మీద లండన్. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా యూరప్‌లోనే ఉండి, దేశదేశాలు తిరిగి కచేరీలు చేశారు. యాభై ఏళ్లు వచ్చాక తిరిగొచ్చి నాంపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. విదేశాల్లో కచేరీలు మానలేదు. ఏటా రెండుసార్లు ఇక్కడి నుంచే వెళ్లి వచ్చేవారు.

ఎందుకు తిరిగొచ్చారని అడిగిన వాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు. నాకు చెప్పింది ఇది: “గాడ సప్పుడు లేదు బిడ్డా. సప్పుడు లేనికాడ వాయించుడు అలవాటైతే చెవి సోమరిదైతది.”

నాంపల్లిలో చప్పుడుకు కరువేముంది? రైళ్లు, ఆటోలు, సందు చివర కూరగాయల బండ్లు. జనవరి వచ్చిందంటే నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలై రంగులరాట్నం పాటలు నెలా పదిహేను రోజులు గోడలు దాటి వచ్చేవి. “ఈ లొల్లిల వాయించగలిగితే ఏ ఊర్లనన్న వాయిస్తం” అంటూ ఆమె మూత తీసేవారు. పై వాటాలో ఉండే ముసలాయన కరెంటాఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. మెట్ల మీద ఎదురైతే నాతో అనేవారు, “రైళ్ల సప్పుడుకు నలభై ఏండ్లు నిద్ర పట్టింది గని, మీ టీచరమ్మ సప్పుడుకు పడ్తలేదమ్మా. రైలన్న ఒక్కసారి పోతది. గీమె పోయిందే పోతది.” అయితే ఆమె ఊళ్లో లేని నెలల్లో ఫోను చేసి, ఎప్పుడొస్తదని అడిగేది కూడా ఆయనే.

ఎండాకాలం పియానో కింద వెడల్పాటి ఇత్తడి గిన్నెలో నీళ్లు పెట్టేవారు. గాలి మరీ పొడిబారితే లోపలి చెక్క పగులుతుంది. వానాకాలం అదే పియానో లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు, తేమ పట్టకుండా. కొత్తగా వచ్చిన పనిమనిషి ఆ గిన్నె చూసి “పిల్లికా అమ్మా?” అని అడిగితే, “ఔ, గీ నల్ల పిల్లికే. దూప ఎక్కువ దీనికి” అన్నారు.

నేను ఆమె దగ్గరికి ఇంటర్ చదివేటప్పుడు వెళ్లాను. మా నాన్న అబిడ్స్‌లో పోస్టాఫీసు గుమాస్తా. రంగురంగుల స్టాంపులతో ఆమెకు వచ్చే కవర్లు ఆయన చేతి మీదుగా పోయేవి. అలా పరిచయం. రెండేళ్లు నేర్చుకున్నాను. నొటేషన్ చదవడం పట్టుబడింది గానీ వేళ్లకు రాలేదు. ఒకరోజు ఆమె నా వాయింపు ఆపేసి, “నీ చెవులు నీ చేతుల కంటే పదేండ్లు పెద్దయి” అన్నారు. అది మెచ్చుకోలో కాదో చాలాకాలం తేల్చుకోలేకపోయాను.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి విదేశీ పర్యటనకూ వాయించబోయే రచనలన్నిటినీ అఫ్జల్‌గంజ్‌లో ఒకే పుస్తకంగా కుట్టించుకునేవారు. పేజీల నంబర్లు తనే పెన్సిల్‌తో వేసేవారు. బయలుదేరే ముందు ఆ పుస్తకం మొత్తాన్నీ అబిడ్స్‌లోని ఒక పాత బడి హాలులో వాయించేవారు. టికెట్టు లేదు, అలంకారాలు లేవు. చర్చివాళ్లు, పాత శిష్యులు, దారిన పోయేవాళ్లు వచ్చి వినేవారు. అబిడ్స్‌లో వాయించనిది ఆమె ఏ దేశంలోనూ వాయించలేదు.

వయసులో ఉన్నప్పుడు అందరిలాగే పుస్తకం లేకుండా, జ్ఞాపకం మీదే వాయించేవారు. ఇక్కడికి వచ్చాక మానేశారు. “నా గ్యాపకం సూపెట్టనీకి వచ్చిన్నా, పాట వినిపియ్యనీకి వచ్చిన్నా?” అనేవారు. పుస్తకం పెట్టుకుంటే పేజీ తిప్పే మనిషి కావాలి. వాయించేవాళ్ల రెండు చేతులూ ఖాళీగా ఉండవు. పక్కన ఎడమవైపు కూర్చుని, చివరి వరుస దగ్గరికి రాగానే లేచి, వాళ్లు తల ఊపిన క్షణంలో పై మూల పట్టి తిప్పాలి. ముందు తిప్పితే తప్పు. ఆలస్యమైతే తప్పు. అన్నీ సరిగ్గా చేస్తే అక్కడొక మనిషి ఉన్నట్టే ఎవరికీ తెలియదు. నాకు అంతకంటే తగిన ఉద్యోగం ఇంకోటి లేదు.

ఆ పని నాకు అనుకోకుండా దొరికింది. నేను కోఠిలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఆ సాయంత్రం అబిడ్స్ హాలులో పేజీలు తిప్పడానికి రావలసిన మనిషి రాలేదు. ముందు వరుసలో మా అమ్మ పక్కన కూర్చున్న నన్ను టీచర్ చూసి, “నువ్వు రా. గాజులు తీసి రా” అన్నారు. గాజులు గలగలమంటే పాట పాడవుతుంది కదా. మా అమ్మ కూర్చున్న చోటనే లేచి నిలబడింది.

“గిదేంది టీచరమ్మా? బోసి చేతులతోని స్టేజీ ఎక్కుతదా నా బిడ్డ? పెండ్లి కావాల్సిన పిల్ల!”

హాలంతా విన్నది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. టీచర్ మాత్రం ఆ అభ్యంతరం గురించి కాసేపు నిజంగానే ఆలోచించారు. తర్వాత తన తెల్ల రుమాలు తీసి, నా గాజులన్నిటినీ ముంజేతి మీదికి జరిపి, చుట్టూ తిప్పి గట్టిగా ముడి వేశారు. “తీయొద్దులే అక్కా. మూట కట్టిన” అన్నారు.

“విరిగిన చెయ్యి లెక్కుంది” అంది అమ్మ.

“విరిగిన చెయ్యే మంచిగ పని చేస్తది. ఒళ్లు దగ్గర పెట్టుకొని.”

ఆ సాయంత్రం అంతా అయ్యాక జనం ఆమెను చుట్టుముట్టి మెచ్చుకున్నారు. ఆమె అందరికీ తల వంచి దండం పెట్టి, వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి మెల్లగా అడిగారు: “ఏ పేజీ, బిడ్డా?”

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగారు. “ఎక్కడనో ఒక్క కాడ తప్పింది గదా. ఏ పేజీల?”

“పన్నెండు... కావచ్చు టీచర్.”

“కావచ్చు కాదు. పన్నెండే. ఎవ్వలు చెప్పలే సూడు గింతమందిల. నువ్వు అనుమానపు మనిషివి. అనుమానమున్నోళ్లే సరిగ్గ వింటరు.”

మర్నాడు నేను వెళ్లేసరికి పుస్తకం పన్నెండో పేజీ దగ్గర తెరిచి ఉంది. పై మూల చిన్న పెన్సిల్ చుక్క. వారం రోజులు ఆ ఒక్క పేజీ తప్ప మరేదీ వాయించలేదు. ఆ తర్వాతే విమానం ఎక్కారు.

అప్పటి నుంచి ఇరవై మూడేళ్లు నేను ఆమె ఎడమ పక్కన కూర్చున్నాను. మధ్యలో నాకు పెళ్లయింది, ఎమ్మే అయింది, కాలేజీలో ఉద్యోగం వచ్చింది, కూతురు పుట్టింది. అబిడ్స్ హాలులో ప్రతి కచేరీ తర్వాత ఆ ప్రశ్న, నేను ఒక నంబరు చెప్పడం. ఒక్కోసారి రెండు. నంబరు లేని రోజు ఒక్కటీ లేదు. నేను చెప్పిన పేజీ పన్నెండు అయినా డెబ్బై అయినా, “హమ్మయ్య, తెలిసింది” అనేవారు. తప్పు ఎక్కడుందో తెలిస్తే సగం పోయినట్టేనని ఆమె నమ్మకం.

రెండుసార్లు నన్ను బయటి దేశానికి కూడా తీసుకెళ్లారు. అందులో ఒకసారి జర్మనీలో ఒక చిన్న ఊరు. అక్కడి వాళ్లు పేజీలు తిప్పడానికి తమ మనిషిని ఇస్తామన్నారు. “నా మనిషి ఉంది” అన్నారామె. తెర వెనక టీచర్ నా గాజులకు రుమాలు చుడుతుంటే, పియానో శ్రుతి చేయడానికి వచ్చిన పెద్దాయన కంగారుగా ఏదో అడిగాడు. టీచర్ జవాబు చెప్పగానే పగలబడి నవ్వాడు. ఏమన్నారని అడిగితే, “చేతికి దెబ్బ తగిలిందా అంటుండు. దెబ్బ కాదయ్యా, పెండ్లయింది అన్న” అన్నారు. ఆ రాత్రి ఆ ఊరివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె వంగి నమస్కరించి, తెర దాటగానే నా చెవిలో అడిగారు. నేను నలభై అన్నాను. మర్నాటి పొద్దున హోటల్ గదిలో డ్రెస్సింగ్ టేబుల్ అంచు మీద నలభయ్యో పేజీని వేళ్లతో కొడుతూ కనిపించారు.

డెబ్బై దాటాక ఆమె చెవులు మందగించడం మొదలైంది. ముందు పైస్వరాలు పోయాయి. చెవికి మిషన్ పెట్టి చూశారు. “రేకు డబ్బ లెక్క వినిపిస్తుంది, ఇదెందుకు” అని తీసేశారు. ఒక ఆదివారం, చర్చి అయ్యాక, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూస్తూ నడుస్తున్నాం. ఆ పుస్తకాలవాడు పాత నొటేషన్ ఏది దొరికినా ఆమె కోసం దాచి, “అమ్మా, మీ చీమల పుస్తకం వచ్చింది” అని పిలిచేవాడు. ఆ రోజు ఆమె వాడి పిలుపు వినలేదు. నేను చెయ్యి పట్టి ఆపాను. ఆమె పుస్తకం తీసుకుని, తెరవకుండానే అన్నారు:

“పైమెట్లు నాకిప్పుడు కట్టె సప్పుడు లెక్కనే వినిపిస్తున్నయ్. లోపల పాట వినిపిస్తది, బయట ఏం వస్తుందో తెలుస్తలేదు. ఇగ నా చెవులు నువ్వే. గాడ, ఎక్కడనో దూరంల, నేను నవ్వులపాలయ్యే ముందు నువ్వు చెప్పాలె.”

“చెప్తాను టీచర్. ఒట్టు.”

“ఒట్లు మాకు లేవు బిడ్డా. మాట చాలు.”

మాట ఇచ్చాను. ఫుట్‌పాత్ మీద, ఆదివారం జనంలో.

చివరి కచేరీ నాలుగేళ్ల కిందట, ఫిబ్రవరిలో. ఆమెకు డెబ్బై ఐదు. వేసవి మొదట్లో ఐదు ఊళ్ల పర్యటన ఉంది. టికెట్లు వచ్చేశాయి. ఎప్పటిలాగే అబిడ్స్ హాలు. మొదటి భాగమంతా బాగా సాగింది. తర్వాత ముప్పై ఒకటో పేజీ. అక్కడ కుడి చెయ్యి ఒక్కసారిగా పైకి ఎగిరి, చాలా సన్నటి స్వరాల్లో ఒక పాట మొదలుపెట్టాలి. చెయ్యి ఎగిరింది, కానీ నొక్కవలసిన మెట్టు మీద కాక ఒక మెట్టు పక్కన దిగింది. దిగిన చోటి నుంచే పాట మొదలైంది. ఒక స్వరం తప్పితే ఎవరూ పట్టించుకోరు. ఆమె రెండు వరుసల పొడవునా అలాగే వాయించుకుంటూ పోయారు. ఎడమ చెయ్యి ఒక పాట, కుడి చెయ్యి ఇంకొకటి. ముందు వరుసలో ఎవరో పక్కవాళ్ల ముఖం చూశారు. టీచర్ ముఖంలో మాత్రం నేనెన్నడూ చూడని నెమ్మది. లోపల ఆమెకు ఆ పాట సరిగ్గా, బహుశా ఎప్పటికన్నా అందంగా, వినిపిస్తోంది. తల ఊపారు. నేను పేజీ తిప్పాను. రుమాలు లేకపోతే గాజులు గలగలమనేవి.

హాలు నుంచి ఆటోలో వస్తున్నాం. పట్టుమని పది నిమిషాల దారి కూడా కాదు.

“ఏ పేజీ, బిడ్డా?”

నంబరు నా నాలుక మీద ఉంది. ఆ నంబరు చెప్తే, ఎలా తప్పిందని అడుగుతారు. చెప్పాలి. వినపడలేదని, హాలులో అందరికీ వినపడినది మీకొక్కరికే వినపడలేదని చెప్పాలి. ఆ ముఖంలోని నెమ్మది ఇంకా పోలేదు.

“ఏ పేజీ లేదు టీచర్. బాగుంది.”

ఆమె నా వైపు తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. “అమ్మా, స్టేషన్ ముంగట్నుంచి పోవాల్నా, ఎనక నుంచి పోవాల్నా?” అని ఆటో అతను అడిగాడు. ఆమె వినలేదు. నేనే చెప్పాను.

మర్నాడు తమ్ముడి ఫోను. “అక్క టికెట్లన్ని క్యాన్సిల్ చేయమంటుందమ్మా. ఏమైంది? ఒంట్ల బాగలేదా?” నాకు తెలియదన్నాను. అదీ అబద్ధమే.

ఆ తర్వాత ఆమె ఏ ఊళ్లోనూ కచేరీ చేయలేదు. నన్ను ఎప్పుడూ పేజీ అడగలేదు. శనివారాలు నేను వెళ్తూనే ఉన్నాను. చాయ్ తాగేవాళ్లం, నా కూతురి చదువు గురించి మాట్లాడేవాళ్లం. ఇచ్చిన మాట తప్పాను, సరే. కానీ ఏం జరిగింది? నేను నంబరు చెప్పి ఉంటే ఆమె ఆ పేజీని బాగు చేసుకుని ఆ ఐదు ఊళ్లూ వెళ్లేవారా? లేక వెళ్లి నవ్వులపాలయ్యేవారా? ఆమె యాభై ఏళ్ల వాయింపును ఒక్క అబద్ధంతో ఆపింది నేనేనా, కాపాడింది నేనేనా? రాత్రీ పగలూ తిప్పి తిప్పి చూసుకున్నాను. ఏ వైపు తిప్పినా నాకు నా ముఖం నచ్చలేదు.

ఒక్కటే ఊరట. ఆమె రోజూ పొద్దున వాయిస్తూనే ఉన్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడిచే పై వాటా పెద్దాయన అన్నారు: “రోజు అదే పుస్తకమమ్మా, మొదట్నుంచి ఆఖరిదాక. నాకు గూడ నోటికొచ్చింది.” సంతోషం కోసం వాయించుకుంటున్నారని అనుకున్నాను. కచేరీల బరువు దిగిపోయాక మనసు తేలికపడిందని, ఇంతవరకు పేజీ పేజీ చెక్కిన మనిషి ఇప్పుడు మొత్తాన్ని అనుభవిస్తోందని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ జనవరిలో ఒక శనివారం వెళ్లాను. నుమాయిష్ నడుస్తోంది. రంగులరాట్నం నుంచి ఏదో పాత సినిమా పాట గాలికి తెగుతూ అతుకుతూ వస్తోంది. టీచర్ శాలువా కప్పుకుని కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు. ఎందుకో ఇంక ఆగలేకపోయాను. ఆమె కుడి చెవి దగ్గరికి కుర్చీ జరుపుకుని చెప్పాను.

“టీచర్, ఆ రోజు ఆటోలో నేను అబద్ధం చెప్పాను.”

“ఎరికే.”

“మీకు తెలుసా?”

“ఇరవై మూడేండ్లల్ల ఎన్నడన్న ఏ పేజీ లేదన్నవా నువ్వు? నా మంచి రోజులల్లనే పేజీ ఉండె. గా దినం లేదన్నవ్. గప్పుడే సమజైంది, అయిపోయిందని.” ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. “ఇంటికొచ్చి తమ్మునికి చెప్పిన, టికెట్లు వాపస్ చేయమని.”

“నా మీద కోపం రాలేదా?”

“వచ్చింది. ఇప్పటికీ ఉంది.” చాయ్ కప్పు పక్కన పెట్టారు. “అబద్ధమాడినందుకు కాదు. ఆగుడు మంచిదే అయింది. గని పేజీ చెప్పలే నువ్వు. ఒక్క నంబరు. చెప్తే దాన్ని సాపు చేస్కొని మూత పెట్టేదాన్ని. చెప్పలే. గందుకే రోజు మొత్తం వాయిస్తున్న, ఎక్కడనో తెల్వక. నాలుగేండ్ల సంది దేవులాడుతున్న.”

నేను సంతోషం అనుకున్నది ఇదా! ప్రతి పొద్దునా, చెవులు వినపడని ఒక పెద్ద మనిషి, తప్పిపోయిన ఒక్క పేజీ కోసం పుస్తకమంతా వెతకడం. నేను కరుణ అనుకుని చేసిన పని అది.

“ముప్పై ఒకటి టీచర్” అన్నాను.

“ఎంత?”

“ముప్పై ఒకటి!” రంగులరాట్నం పాటను మించి అరిచాను.

ఆమె నోరు తెరిచి నన్ను చూశారు. తర్వాత శాలువా లోపల భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. “ముప్పై ఒకటా! నాకు ఇరవై ఆరు మీదనే అనుమానముండె తల్లీ! మొత్తం వాయించినా, నాలుగేండ్లు ఇరవై ఆరునే ఎక్కువ తోమిన. గది అద్దం లెక్కయింది పో.”

నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, రుమాలు నా ఒళ్లోకి విసిరారు. “మూట కట్టుకో. నడువు.”

ఆ రోజు నుంచి మా శనివారాలు మళ్లీ మారాయి. ముప్పై ఒకటో పేజీ. ఆమె వాయించేవారు, నేను చెవి దగ్గర చెప్పేదాన్ని: ఒక మెట్టు కిందికి, టీచర్. ఆ పైస్వరాలు ఆమెకు ఎటూ వినపడవు. అందుకని కళ్లతో నేర్చుకున్నారు. చెయ్యి ఎగిరేముందు తల తిప్పి దిగవలసిన మెట్టును చూసేవారు. తనకు వినిపించని పాటను డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, వెళ్లవలసిన ఊరేదీ లేకుండా, ఎవరికోసం సరిచేసుకుంటున్నారో నాకు తెలియలేదు. అడిగాను. “పేజీ కోసమే” అన్నారు, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

మార్చి చివరికి ఆ పేజీ కుదిరింది. ఆ తర్వాతి శనివారం పుస్తకం మొత్తం వాయించారు. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగారు. ముప్పై ఒకటి దగ్గర తల తిప్పారు, చెయ్యి ఎగిరింది, దిగవలసిన చోటే దిగింది. నేను తిప్పాను. చివరి స్వరం ఆగాక చేతులు ఒళ్లో పెట్టుకుని, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి అడిగారు.

“ఏ పేజీ, బిడ్డా?”

నాకు భయం వేసింది. లేదు అనాలని మళ్లీ నోటిదాకా వచ్చింది. ఆమె అలసిన ముఖం చూస్తే ఎవరైనా అదే అంటారు. నాకు నిజంగా వినిపించిందా, నా అనుమానమా అని కూడా తేలలేదు.

“తొమ్మిది... కావచ్చు.”

“కావచ్చా?”

“తొమ్మిదే టీచర్. ఎడమ చెయ్యి తొందరపడింది.”

“హమ్మయ్య!” అన్నారు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, మళ్లీ ఒకసారి, “హమ్మయ్య” అన్నారు. ఆ మాట ఆమె ఎన్నో దేశాలు తిరిగి వచ్చిన రోజుల్లో కూడా అంత తృప్తిగా అనడం నేను వినలేదు. పుస్తకం వెనక్కి తిప్పి, తొమ్మిదో పేజీ మూల పెన్సిల్ చుక్క పెట్టారు. వచ్చే శనివారం చూద్దామన్నారు. బుధవారం పొద్దున కోఠి బస్టాపులో ఫోను మోగింది.

గురువారం చర్చిలో ఆరాధన, తర్వాత సమాధుల తోట. పాస్టరుగారు ఆమె తిరిగిన దేశాల గురించి చెప్పారు. పై వాటా పెద్దాయన కర్ర మీద వంగి ఆఖరి దాకా నిలబడ్డారు. వెళ్లేముందు నాతో, “ఇగ నిద్ర పట్టదమ్మా” అన్నారు.

సాయంత్రం మళ్లీ టీచర్ ఇంటికి వెళ్లాను. తమ్ముడు తలుపు తీశారు. “ఏం ముట్టలేదమ్మా, నువ్వొద్దన్నవని” అన్నారు. పియానో మూత తీసే ఉంది. వంగి కింద చూసి, “గిన్నెల నీళ్లు ఇంకిపోయినయ్. ఇంక పొయ్యాల్నా?” అని అడిగారు.

“పోయండి అంకుల్.”

ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ వయసులో మోకాళ్ల మీద కూర్చుని, పియానో కిందికి చెయ్యి చాపి పోశారు. ఒకప్పుడు ఆర్గన్ కింద కూర్చున్నట్టే. తర్వాత లోపలికి వెళ్లిపోయారు.

నేను ఎడమవైపు నా కుర్చీలో కూర్చున్నాను. సంచిలోంచి రుమాలు తీసి, గాజులు పైకి జరిపి, పళ్లతో ఒక కొస పట్టుకుని ముడి వేసుకున్నాను. పుస్తకం తొమ్మిదో పేజీ దగ్గర తెరిచి ఉంది. మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను. ఎడమ చెయ్యి తొందరపడిన చోటు వచ్చింది, దాటింది. చివరి వరుసకు వచ్చాను. అలవాటుగా లేచి, పై మూలకు చెయ్యి చాపి, తల ఊపు కోసం పక్కకు చూశాను.

పైన ఫ్యాను గాలికి పేజీ మూల దానంతటదే కొంచెం లేచింది. వేలితో ఆపి పట్టుకున్నాను.